తక్కువ తిరిగిన కారు – ఎక్కువ పలికే ధర

గత వేసవిలో ఒక ఆదివారం ఉదయం పాండేసర నుండి నాకు ఫోను వచ్చినది. చేసినవాడు వరుసకు తమ్ముడు. కరీంనగర్ జిల్లా నుండి 1980లలో సూరత్ చేరి, పాండేసర పారిశ్రామికవాడలోని ఒక డైయింగు, ప్రింటింగు మిల్లులో ముప్పైయైదేళ్లకు పైగా పనిచేసి రెండేళ్ల క్రితం విరమించుకున్నాడు. యోగక్షేమాలు అయిన తరువాత అసలు సంగతి బయటపెట్టాడు.

“అన్నా, ఒక కారు జూసి పోవాలె. 1990 పద్మిని. గిప్పటిదాక తిరిగింది ఎనిమిది వేల కిలోమీటర్లే. అయిదున్నర లచ్చలు జెప్తున్నరు. నువ్వు ఇంజినీరువు, నువ్వు సరే అంటె కొంట.”

ఆ అయిదున్నర లక్షలు భవిష్యనిధి నుండి తీయవలసిన సొమ్మని నాకు తెలుసు. చిన్నమ్మాయి పెళ్లి ఇంకా మిగిలి ఉన్నదనీ తెలుసు. అయినా అతని గొంతులోని ఉత్సాహాన్ని ఒక్క మాటతో త్రుంచివేయడానికి మనసు ఒప్పలేదు. సాయంత్రం వస్తానని చెప్పాను.

పాండేసరను చూడని పాఠకులకు రెండు మాటలు. సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న ఈ పారిశ్రామికవాడలో బాయిలర్ల పొగగొట్టాలు, రంగునీళ్ల వాసన, చీరల తానులు మోసే టెంపోలు, సందుల్లో మరమగ్గాల చప్పుడు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటవి. తెలంగాణ చేనేత కుటుంబాలవారు వేల సంఖ్యలో ఈ నగరానికి వలస వచ్చి స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుతున్నదంటే మనవారి సంఖ్య ఎంతటిదో ఊహించుకోవచ్చు.

తమ్ముడు ఆ కారును కోరడానికి కారణం రెండు విధాలు. అతడు ఉద్యోగంలో చేరిన కొత్తలో మిల్లు సేఠ్ గారు పద్మినిలోనే వచ్చేవారట. ఆ కారు గేటు వద్ద ఆగినప్పుడు పరుగున వెళ్లి తలుపు తీసిన రోజులు అతనికి ఇంకా కళ్ల ముందు ఉన్నవి. రెండవ కారణం అతని కుమారుడు. పాత కార్ల ధరలు ఫోనులో చూపించి, “అయిదేండ్లల్ల రెట్టింపు అయితది నాయినా” అని ధైర్యం చెప్పినాడట. ఒకటి జ్ఞాపకం, రెండవది లెక్క. ఈ రెండింటిని విడివిడిగా చూడవలసి ఉన్నదని నాకు అప్పుడే తోచినది.

ముందుగా, తక్కువ తిరిగిన పాత కారుకు అంత ధర ఎందుకు పలుకుతుంది? మన తెలుగునేల మీదనే ఇందుకు ఒక ఉదాహరణ ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థకు ఒక సిల్వర్ ఘోస్ట్ కారు కోసం ఆర్డరు ఇచ్చారు. అది చేతికి రాకముందే 1911లో కాలధర్మం చెందారు. 1912 నాటి ఆ పసుపుపచ్చ కారులో వెనుకభాగాన సింహాసనం వంటి ఎత్తయిన ఆసనం అమర్చారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ఉత్సవ సందర్భాలకు మాత్రమే వాడారు. మూడు దశాబ్దాలు దాటినా అది తిరిగిన దూరం 356 మైళ్లు మాత్రమే. హైదరాబాదులోని చౌమహల్లా పాలెస్‌కు వెళ్లినవారు దానిని చూసే ఉంటారు.

ఆ కారు అమూల్యమైనది, సందేహం లేదు. కాని ఆ విలువ 356 అనే అంకె వలన వచ్చినదా? అటువంటి కారు మరొకటి లేకపోవడం వలన, దాని వెనుక ఒక రాజ్యచరిత్ర ఉండడం వలన వచ్చినది. అది మూడు వేల మైళ్లు తిరిగి ఉన్నా జనం క్యూ కట్టి చూచేవారే.

దీనికి ఎదురుగా మరొక కారును చూడండి. 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ మొట్టమొదటి మారుతి 800 తాళాలను ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ గారికి అందజేశారు. ఆయన కుటుంబం ఆ కారును భద్రపరచి గాజు పెట్టెలో దాచలేదు, అందరిలాగే వాడుకున్నది. 2010లో ఆయన మరణించిన తరువాత అది ఇంటి బయట ఎండకు, వానకు పాడైపోయినది. తరువాత తయారీ సంస్థే దానిని బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు ఉంచినది. అక్కడ మీటరు రీడింగును ఎవరూ అడగరు. అది మొదటిది కావడమే దాని విలువ.

రీడింగుకే డబ్బు పలికిన సందర్భాలు లేకపోలేదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పియర్స్ అనే చిన్న ఊరున్నది. అక్కడి షెవ్రొలే డీలరు ఒకరు అమ్ముడుపోని కొత్త కార్లను దశాబ్దాల తరబడి అలాగే అట్టిపెట్టుకున్నారు. 2013 సెప్టెంబరులో దాదాపు 500 వాహనాలను వేలం వేశారు. అందులో కేవలం 1.3 మైళ్లు తిరిగిన 1958 నాటి పికప్ ఒకటి 1,40,000 డాలర్లకు పోయినది. అయితే దానిని కొన్నవారు సరుకు మోయడానికి కొనలేదు. ఆ 1.3 అనే అంకెను కొన్నారు. ఆ అంకె ఉన్నంతవరకే ఆ ధర.

ఈ మాటలు దారిలో తమ్మునితో చెబుతూనే ఉన్నాను. అతడు ఓపికగా విని, “అన్నీ సరే అన్నా, ముందుగాల బండి జూడు” అన్నాడు.

బండి మూతబడిన ఒక షెడ్డులో ఉన్నది. టార్పాలిను తీయగానే మీగడరంగు పద్మిని దర్శనమిచ్చినది. అబద్ధమెందుకు, నాకూ గుండె కొంచెం వేగంగా కొట్టుకున్నది. మన తరంవారిలో పద్మినిలో పెళ్లికి వెళ్లనివారు ఎవరు? బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మొదలుపెట్టి, 1970లలో పద్మిని అని నామకరణం చేసిన కారు ఇది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు కడ్డీ. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు మీది నుండి విరమించుకున్నప్పుడు పత్రికలన్నీ వీడ్కోలు వ్రాసినవి. ఆ వీడ్కోలు తరువాత మిగిలిన బండ్లపై మక్కువ పెరగడం సహజమే.

మీటరు 8,214 చూపుతున్నది. ఐదంకెల మీటరు 99,999 దాటితే మళ్లీ సున్నాకు వస్తుంది. కేబులు ఊడదీసి నడిపితే అసలు కదలనే కదలదు. కాబట్టి మీటరును నమ్మే ముందు సాక్షులను విచారించాలి. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరుపై గీతలు ఇంకా పదునుగా ఉన్నవి. స్టీరింగు చక్రం నునుపు తేలలేదు. డ్రైవరు వైపు తలుపు కీళ్లలో వదులు లేదు. సర్వీసు పుస్తకంలో మొదటి మూడేళ్ల ముద్రలు వరుసగా ఉన్నవి. యజమాని 1993లో వేరే కారు కొనుక్కుని దీనిని ప్రక్కన పెట్టారట. సాక్షులందరూ ఒకే మాట చెప్పారు: మీటరు నిజమే చెబుతున్నది.

తమ్ముని ముఖం వెలిగినది. “మరింకేంది అన్నా?” అన్నాడు.

ఇక్కడే మన ప్లాంటు సంగతి గుర్తు చేయవలసి వచ్చినది. మన వద్ద ప్రతి ముఖ్యమైన పంపుకూ ఒక స్టాండ్‌బై పంపు ఉంటుంది. పని గంటలు తక్కువ ఉన్న పంపే మంచి పంపు అనుకుంటే దానిని ఎప్పుడూ నడపకుండా దాచుకోవచ్చు. కాని ఏ షిఫ్టు ఇంజినీరూ అలా చేయడు. నియమిత కాలంలో మార్చి మార్చి నడుపుతాడు. ఎందుకంటే కదలని షాఫ్టు బరువంతా బేరింగులోని అవే బాల్స్‌పై నిలిచి ఉంటుంది. ప్రక్కన నడుస్తున్న యంత్రపు అదురు వలన ఆ చోటనే చిన్న చిన్న గుంటలు పడతవి. నడవకుండానే బేరింగు చెడిపోతుంది. టర్బైను ఆగిన తరువాత కూడా బారింగ్ గేరుతో షాఫ్టును మెల్లగా త్రిప్పుతూ ఉంటారు, లేకుంటే అసమానంగా చల్లారి వంగిపోతుంది. విశ్రాంతి అనేది యంత్రానికి ఉచితంగా దొరికేది కాదు.

కారుకూ ఇదే సూత్రం. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుని సిలిండరును లోపలి నుండి తుప్పు పట్టిస్తుంది. టాంకులో మిగిలిన పెట్రోలు జిగురై కార్బురేటరు జెట్లను మూసివేస్తుంది. రబ్బరు సీళ్లు గట్టిపడి పగుళ్లు ఇస్తవి. పిస్టను రింగులు గాడులలో బిగుసుకుంటవి. టైరు అరగకున్నా వయసుకు పగులుతుంది. సముద్రతీరానికి దగ్గరైన సూరత్ తేమలో ఇవన్నీ మరింత త్వరగా జరుగుతవి. దీనికి తోడు, 2025 నాటికి దేశమంతటా వచ్చిన ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఆనాటి రబ్బరు గొట్టాలు తయారైనవి కావు. వాటిని మార్చక తప్పదు.

నడవని కారుకు కాలం ఏమి చేస్తుందో లోకానికి చూపిన సంఘటన ఒకటి ఉన్నది. అమెరికాలోని టల్సా నగరంలో 1957 జూన్ 15న ఒక సరికొత్త ప్లిమత్ బెల్వడీర్ కారును, యాభై ఏళ్ల తరువాత తీయాలని, కాంక్రీటు గదిలో పెట్టి భూమిలో పాతిపెట్టారు. అణుదాడికి కూడా తట్టుకుంటుందని ఆ గది గురించి చెప్పుకున్నారు. 2007 జూన్‌లో వేల జనం ఎదుట తెరచి చూస్తే గదిలోకి నీరు చేరి ఉన్నది. కారు బురద, తుప్పు ముద్దగా బయటికి వచ్చినది. దాదాపు సున్నా మైళ్ల కారు! చివరకు 2017లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక మ్యూజియానికి చేరినది.

టల్సా కథ చెబుతూ నేను వెనుక సీటు ఎత్తాను. క్రింద మెత్తని, బూడిదరంగు ఒండ్రు. తలుపు లోపలి అట్టను కొంచెం లాగి చూస్తే, జానెడు పైన అడ్డంగా ఒక గీత. ఆ గీతకు క్రింద ఉన్న మరలన్నీ తుప్పు పట్టి ఉన్నవి, పైన ఉన్నవి మెరుస్తున్నవి. నేను తమ్ముని వైపు చూశాను. అతనికి చెప్పవలసిన పని లేకపోయినది. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాము నుండి నీరు వదిలినప్పుడు తాపీనది సూరత్‌ను ముంచివేసిన సంగతి అతడు కళ్లారా చూచినవాడే. కారు ఆ రోజుల్లో ఎక్కడ ఉండేదని అడిగితే, అమ్మేవారు అడాజణ్‌లోని పాత ఇంట్లో ఉండేదని చెప్పారు. అడిగితే దాచలేదు, అడిగేవరకు చెప్పలేదు.

మీటరు కిలోమీటర్లను మాత్రమే లెక్కపెడుతుంది. సంవత్సరాలను, వానలను, వరదను లెక్కపెట్టదు. మనం ఆ ఒక్క అంకెకు డబ్బు చెల్లించి మిగిలిన మూడింటిని ఉచితంగా ఇంటికి తెచ్చుకుంటాము.

ఆ రాత్రి పాండేసరలోని అతని ఇంట్లో జొన్నరొట్టెలు తిన్న తరువాత కాగితం, పెన్ను తెప్పించాను. మరదలు, కుమారుడు కూడా కూర్చున్నారు. లెక్క ఇలా వేశాము.

కారు ధర అయిదున్నర లక్షలు. బ్రేకులు, టాంకు, టైర్లు, సీళ్లు, అడుగు రేకు బాగుచేయడానికి నా అంచనా లక్షన్నర. షెడ్డు అద్దె, బీమా, బ్యాటరీ వగైరాలకు ఏటా ఇరవై వేలు. ఈ సొమ్మునే ఎనిమిది శాతం వడ్డీ వచ్చే చోట ఉంచితే అయిదేళ్లకు వరుసగా 8 లక్షల 8 వేలు, 2 లక్షల 20 వేలు, లక్షా 17 వేలు అవుతవి. మొత్తం సుమారు 11 లక్షల 45 వేలు. అంటే కుమారుడు చెప్పినట్లు ధర రెట్టింపై 11 లక్షలు పలికినా, వడ్డీతో పోల్చితే అర లక్ష నష్టమే. పైగా వడ్డీకి కొనుగోలుదారుని వెదకవలసిన పని లేదు, కారుకు ఉన్నది.

రెండవ లెక్క ఇంకా చిత్రమైనది. మామూలుగా తిరిగిన, నడిచే స్థితిలో ఉన్న పద్మిని రెండు లక్షలకు దొరుకుతుందని విచారణలో తేలినది. అంటే ఈ బండికి అదనంగా అడుగుతున్న మూడున్నర లక్షలు కేవలం 8,214 అనే అంకెకు. అది ముప్పై వేలకు చేరేసరికి ఆ ప్రత్యేకత పోతుందనుకుంటే, నడిపే ప్రతి కిలోమీటరుకు పదహారు రూపాయల చొప్పున మన సొమ్ము కరుగుతుంది. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చినా పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు ఎనిమిది రూపాయలే. పెట్రోలుకు రెండింతలు మీటరే తాగుతుంది! నడిపితే ధర పోతుంది, నడపకుంటే బండి పోతుంది.

అప్పటివరకు మాట్లాడని మరదలు, “అయితే దీన్ని ఇంట్ల దేవుని పటం లెక్క పెట్టుకోవాలె గద బావా” అన్నది. ఇంజినీరింగులో నేను నలభై నిముషాలు చెప్పినది ఆమె ఒక్క మాటలో తేల్చివేసినది.

తమ్ముడు మరునాడు వెళ్లి లక్షా డెబ్బైయైదు వేలకు అడిగాడు. అమ్మేవారు ఒప్పుకోలేదు. నెల గడచిన తరువాత ఫోను చేశాడు. వడోదర నుండి వచ్చిన ఒక సేకరణదారు, ఒండ్రు గీతను కూడా చూచి, మూడు లక్షల పాతిక వేలకు తీసుకువెళ్లారట. “అన్నా, నేను తప్పు జేసిన్నా?” అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ సేకరణదారు తప్పు చేశారని నేను అనుకోను. ఆయనకు ఇదివరకే మూడు పాత కార్లు ఉన్నవట, గాలి ఆడే షెడ్డు ఉన్నది, జీతం మీద మెకానిక్ ఉన్నాడు. ఆ మూడు లక్షల పాతిక వేలు పోయినా ఆయన ఇంట్లో ఏ శుభకార్యమూ ఆగదు. అదే బండి, అదే మీటరు. ఆయనకు తగినది, మనకు తగనిది. ధర బండిలో సగమే ఉంటుంది, మిగిలిన సగం కొనేవాని స్థితిలో ఉంటుంది. ఈ మాటే తమ్మునికి చెప్పాను. కొంతసేపు ఊరకుండి, “నిజమే తియ్” అన్నాడు. ఆ మాటలో నొప్పి లేదని నేను చెప్పలేను.

మన సంస్థలోనూ విరమణకు దగ్గరపడుతున్నవారు చాలామంది ఉన్నారు. చేతికి ఒక్కసారిగా సొమ్ము వచ్చినప్పుడు చిన్ననాటి కోరికలు తలుపు తడతవి. అది తప్పు కాదు. పాత బండి కొనదలచినవారు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొంటే చాలు.

మొదటిది, మీటరును కాదు, కాగితాలను చూడండి. సర్వీసు పుస్తకం, బిల్లులు, టైరు ప్రక్కన అచ్చువేసిన తయారీ వారం, సంవత్సరం – ఇవి బండి జీవితచరిత్ర. ఎనిమిది వేలు తిరిగి పడి ఉన్న బండికన్నా, ఎనభై వేలు తిరిగి ఏటా సర్వీసు జరిగిన బండి యంత్రంగా మేలైనది.

రెండవది, ఆర్.సి. గడువు చూడండి. సొంత కారుకు పదిహేనేళ్ల తరువాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజి నిబంధనలు యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలకే వర్తిస్తవి. 1990 పద్మినికి ఆ హోదా లేదు.

మూడవది, సీట్ల క్రింద, తివాచీ క్రింద, తలుపుల లోపల చూడకుండా బయానా ఇవ్వకండి. నదీతీర నగరాలలో ఇది మరీ ముఖ్యం.

నాలుగవది, ఆ సొమ్మంతా పోయినా బండిని చూచి సంతోషించగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. అవునంటే కొనండి, అది మీ ముచ్చట. లాభం కోసం అయితే బ్యాంకుకు వెళ్లండి.

దీపావళికి సూరత్ మిల్లులు మూతపడినప్పుడు తమ్ముని కుటుంబంతో కలిసి అహమదాబాదు దగ్గరి దస్తాన్‌లో ఉన్న ఆటో వరల్డ్ కార్ల మ్యూజియానికి వెళ్లాము. వందకు పైగా పాత కార్లు అద్దంలా మెరుస్తూ వరుసగా ఉన్నవి. తమ్ముడు ఒక్కొక్కదాని ముందు చేతులు వెనుకకు కట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చేటప్పుడు మరదలు నవ్వుతూ, “చూసెతందుకు మనం, తుడిచెతందుకు వేరేటోళ్లు. గిదే మంచిగుంది” అన్నది. తమ్ముడు కూడా నవ్వాడు. చిన్నమ్మాయి పెళ్లి మాఘమాసంలో కుదిరినది. పెళ్లికొడుకు ఊరేగింపుకు ఒక పద్మినిని ఒక్క పూటకు అద్దెకు మాట్లాడాడట. నన్ను ముందుగా వచ్చి బ్రేకులు చూచి పొమ్మన్నాడు.

మీ ఇంట్లో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న స్కూటరు ఉన్నదా? దానిని మళ్లీ నడిపించే ముందు ఏమేమి చూసుకోవాలో వచ్చే సంచికలో ముచ్చటించుకుందాము.